పంచెకట్టు ఆగిన ఆదివారం

నరసరావుపేట స్టేడియం చుట్టూ పొద్దున్నే నడిచేవాళ్ళందరికీ ఆ తండ్రీ కొడుకులు తెలుసు. కొడుకు ముందు నడుస్తుంటాడు. తండ్రి వెనకాలే స్కూటీ మీద, రెండు కాళ్ళూ నేలకు రాస్తూ, నడక వేగంతో తోలుకొస్తుంటాడు. పిల్లవాడు ఆగితే హారన్ మోగుతుంది. మళ్ళీ నడక మొదలవుతుంది.

"తండ్రంటే అట్టుండాలయ్యా. మా వోడు ఎండెక్కినా మంచం దిగడు" అని వాకింగుకు వచ్చిన పెద్దమనుషులు మెచ్చుకునేవారు. మెచ్చుకోవడానికి నోరుంటే చాలు. ఆ పిల్లవాడు కుడికాలు ఎలా వేస్తున్నాడో తెలియాలంటే కళ్ళు పెట్టి చూడాలి. అంత తీరిక ఎవరికుంది?

తండ్రి పేరు జయకృష్ణ. ఊళ్ళో విత్తనాలు, పురుగుమందుల షాపు నడుపుతాడు. కొడుకు వెంకటసాయి ఎనిమిదో తరగతి. వయసుకు మించిన ఒళ్ళు. చిన్నప్పుడు ఆ బుగ్గలు చూసే ఇల్లంతా మురిసిపోయింది. "మా మనవడు నెయ్యి తాగి పెరిగాడు" అని తాత రాఘవయ్య ఊరంతా చెప్పుకున్నాడు. అదే ఒళ్ళు పదమూడో ఏట నేరమై కూర్చుంది. స్కూలూ, స్కూలు తర్వాత ట్యూషనూ, మధ్యలో బేకరీ పఫ్ఫులూ పెట్టి పెంచింది పెద్దవాళ్ళే. బద్ధకస్తుడన్న పేరు మాత్రం పిల్లవాడిది.

దసరా సెలవులు అయిన దగ్గర్నుంచి సాయి మోకాలు నొప్పి అంటున్నాడు. తల్లి నీలిమ మొదట తైలం రాసింది. వీధి చివరి ఆర్ఎంపీ ఒక సూది పొడిచాడు. తగ్గకపోతే ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడ మోకాలికి ఎక్స్‌రే తీసి, "ఏం లేదండీ, ఎదిగే వయసు నొప్పులు. కాస్త బరువు తగ్గించండి" అని పంపేశారు.

ఆ "ఏం లేదు" అన్నది మోకాలి సంగతి. ఇంట్లో వాళ్ళు దాన్ని పిల్లవాడి సంగతి అనుకున్నారు. ఇక సాయి నొప్పి అన్నప్పుడల్లా "ఏం లేదన్నారుగా" అన్న మాటే జవాబు. బరువు తగ్గితే నొప్పి తగ్గుతుందని, నడిస్తే బరువు తగ్గుతుందని జయకృష్ణ లెక్క. అందుకే ఆ స్కూటీ, ఆ హారను. కొడుకు మీద ప్రేమ లేక కాదు. ప్రేమ ఉంది కాబట్టే తన నిద్ర కూడా మానుకున్నాడు. ప్రేమకు తోడు కాస్త అనుమానం కూడా ఉండాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

నొప్పి ఒక పక్క ఉండగానే మాఘమాసం వచ్చింది, సాయి పంచెల వేడుకకు ముహూర్తం కుదిరింది. ఆడపిల్లలకు ఓణీల వేడుక చేసినట్టే మగపిల్లలకు మేనమామ చేత కొత్త పంచె కట్టించి, నలుగురినీ పిలిచి భోజనాలు పెట్టడం మనవైపు ఆనవాయితీ. ఒకప్పుడు ఇంటి ముందు పందిరి వేసి చేసేవారు. ఇప్పుడు ఫంక్షన్ హాలు, డీజే, పిల్లవాడు డ్యాన్సు చేస్తూ స్టేజీ ఎక్కడం, దానికి ముందు ఒక వీడియో షూటింగు. ఎడ్లపాడు నుంచి మాచర్ల దాకా చుట్టాలందరికీ కార్డులు వెళ్ళిపోయాయి. బొల్లాపల్లి చేలల్లో కష్టపడి, బండలాగుడు పందేల్లో ఎడ్లను నిలబెట్టి పేరు తెచ్చుకున్న రాఘవయ్యకు ఇది ఒక్కగానొక్క మనవడి వేడుక. ఆయన ఉత్సాహానికి పట్టపగ్గాలు లేవు.

వేడుక ఆదివారం. బుధవారం నాడు షూటింగుకని అందరూ కోటప్పకొండ వెళ్ళారు. వీడియో తీసే మక్బూల్ మంచివాడు, ఓపికస్తుడు. మెట్ల మీద నుంచి సాయి పరుగెత్తుకుంటూ దిగాలని, తను కింద నుంచి తీస్తానని చెప్పాడు.

సాయి రెండు మెట్లు దిగి ఆగిపోయాడు.

"అమ్మా, నొప్పిగా ఉంది."

"ఒరేయ్, మళ్ళీ మొదలెట్టమాకు" అన్నాడు జయకృష్ణ. "డాక్టరే ఏం లేదన్నాడు. నువ్వు డాక్టరుకన్నా ఎక్కువా?"

"మోకాలు కాదు నాన్నా, ఇయ్యాల తొడ గూడా..."

"రేపు తల గూడా అంటావు. దిగు."

సాయి దిగాడు. షాటు సరిగా రాలేదని మళ్ళీ మళ్ళీ దింపితే, మూడోసారికి కాలు మడతపడి కూలబడ్డాడు. లేచి, ఏడుపు ఆపుకుని, ఎవరూ అడగకుండానే మళ్ళీ పైకి ఎక్కబోయాడు. నీలిమ అది చూసింది. మొండికేసే పిల్లవాడైతే అక్కడే కూర్చుని రానంటాడు. వీడు నమ్మించడానికి ఎక్కుతున్నాడు. "ఇంక చాల్లే మక్బూల్" అని ఆమె కొడుకును కారెక్కించింది.

సాయంత్రం మక్బూల్ ల్యాప్‌టాప్ తెచ్చి తీసిన ముక్కలు చూపించాడు. నచ్చినవి ఏరుకోమన్నాడు.

"బాబు కుడికాలు కాస్త బయటికి తిప్పి ఏస్తన్నాడు మేడం. అది కనపడకుండా నడుం పైభాగమే ఉంచుతా. ఎడిటింగులో కవరైపోద్ది" అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు.

"ఎప్పుడూ అట్టాగే నడుస్తాడులే" అన్నాడు జయకృష్ణ షాపు ఫోన్లో మాట్లాడుతూనే.

నిజంగా ఎప్పుడూ అలాగే నడిచేవాడా? నీలిమకు గుర్తు రాలేదు. కళ్ళముందు తిరిగే బిడ్డ నడక ఏ తల్లికి గుర్తుంటుంది? కిందటేడు తన అన్న జ్ఞానేశ్వర్ గృహప్రవేశం వీడియో కూడా మక్బూలే తీశాడు. అది ఒకసారి పెట్టమంది. అందులో సాయి మంచినీళ్ళ సీసాలు పంచుతూ హడావుడిగా అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒళ్ళు అప్పుడూ ఉంది. పాదాలు మాత్రం రెండూ ముందుకే ఉన్నాయి. తర్వాత కొండ వీడియో మళ్ళీ చూసింది. కుడిపాదం పూర్తిగా పక్కకు తిరిగిపోయి, ఒళ్ళంతా ఒకవైపు ఒరిగిపోతోంది.

ఆమె లేచింది. గదిలోకి వెళ్ళి కొడుకును సాక్సు వేసుకోమంది. ఎడమ కాలికి మామూలుగా వేసుకున్నాడు. కుడికాలు దగ్గరకు రాలేదు. మోకాలు పక్కకు పడిపోతుంటే, చేత్తో పాదం లాక్కుని, పళ్ళు బిగబట్టి తొడుక్కున్నాడు.

"రోజూ ఇట్టాగేనా?"

"ఊఁ."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పాగా అమ్మా. మీరు ఏం లేదన్నారు. స్కూల్లో పీఈటీ సారు గూడా యాక్టింగు అన్నాడు. నాకు గూడా ఏం లేదేమోలే అనుకున్నా."

నొప్పి పడుతున్న పిల్లవాడి చేతనే నొప్పి లేదేమో అనిపించిన ఘనత మనది. నీలిమకు ఏడవడానికి కూడా సిగ్గేసింది.

మర్నాడు పొద్దున డ్యాన్సు మాస్టరు రిహార్సలుకు రమ్మన్నాడు. ఆమె కొడుకును ఆటో ఎక్కించి, రిహార్సలుకు కాకుండా, ఎముకల డాక్టరు సనా దగ్గరకు తీసుకెళ్ళింది. ఇంట్లో చెప్తే ఆదివారం తర్వాత చూద్దామంటారని తెలుసు.

డాక్టరు సనా వయసులో చిన్నది, మాటలో సూటి. నీలిమ చెప్పినదంతా వింది. పిల్లవాడు గుమ్మం నుంచి నడిచి రావడం చూసింది. మోకాలు ముట్టుకోలేదు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కుడి మోకాలు మెల్లగా మడిచి ఛాతీ వైపు తెచ్చింది. మోకాలు ఛాతీ మీదకు రాకుండా చంక వైపు పక్కకు వెళ్ళిపోయింది. కాలును లోపలికి తిప్పబోతే సాయి కెవ్వున అరిచాడు. ఆమె వెంటనే వదిలేసింది.

"నర్సమ్మా, వీల్‌చైర్ తీసుకురా" అంది. "బాబూ, నేను చెప్పేదాకా నువ్వు కాలు కింద పెట్టకూడదు. బాత్రూముకైనా సరే."

ఎక్స్‌రే ఈసారి మోకాలికి కాదు, రెండు తుంట్లకూ తీశారు. డాక్టరు దాన్ని లైటు పెట్టె మీద పెట్టి వేలితో చూపించింది.

"తొడ ఎముక పైన గుండ్రంగా తల ఉంటుంది చూడండి. ఎదిగే వయసులో ఆ తలకీ ఎముకకీ మధ్య మెత్తటి పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. కొందరు పిల్లల్లో, బరువు ఎక్కువున్న వాళ్ళలో మరీనూ, ఆ పొర దగ్గర పట్టు సడలి తల జారిపోతుంది. తొడిమ సడలిన కాయ చూశారు కదా, అట్లా. మీవాడికి సగం దాకా జారింది."

"మరి మోకాలు కదండీ నొప్పన్నాడు?"

"తుంటి నుంచి కబురు తెచ్చే నరాలే మోకాలికీ వెళ్తాయి. జబ్బు పైన ఉంటుంది, నొప్పి కింద తెలుస్తుంది. అందుకే మోకాలు ఎక్స్‌రే బాగానే ఉంది."

"నడిపిస్తే..."

"నడిచే కొద్దీ జారుతుంది. ఇప్పటికి ఎట్లాగో నడుస్తున్నాడు కాబట్టి మన చేతుల్లో ఉంది. ఒక్కసారి జారి పడితే తల పూర్తిగా ఊడిపోవచ్చు. అప్పుడు దానికి రక్తం అందదు, ఎముక చచ్చిపోతుంది. ఈ వయసులో తుంటి పోయిన పిల్లవాడు బతుకంతా అవస్థ పడతాడు. గుంటూరులో పిల్లల ఎముకల సర్జన్‌తో ఇప్పుడే మాట్లాడతాను. స్క్రూ వేసి ఆ తలను ఉన్నచోట ఆపేయాలి. ఇవాళే చేర్చాలి."

ప్రతి పొద్దునా స్టేడియం చుట్టూ నడక. నిన్న కోటప్పకొండ మెట్లు. నీలిమ కళ్ళ ముందు అన్నీ ఒక్కసారి తిరిగాయి. భర్తకు ఫోన్ చేసింది.

జయకృష్ణ, రాఘవయ్య ఇద్దరూ వచ్చారు. డాక్టరు మళ్ళీ అంతా చెప్పింది. జయకృష్ణ ఎక్స్‌రే వైపు కాకుండా గోడ గడియారం వైపు చూస్తూ విన్నాడు.

"ఆదివారం ఫంక్షనండీ. చుట్టాలందరికీ చెప్పుకున్నాం. అది కానిచ్చి సోమవారం పొద్దున్నే చేరుద్దాం. ఇన్ని నెలలు ఆగింది, మూడ్రోజులు ఆగదా?"

"ఆగలేదండీ. ఇన్ని నెలలూ జారుతూనే ఉంది" అంది సనా.

"డ్యాన్సు మానిపిస్తాలే. కుర్చీలో కూర్చోబెట్టి పంచె కట్టిస్తాం."

"పంచె కట్టాలంటే నిలబడాలి కదండీ?"

జయకృష్ణ పెళ్ళాం మీద పడ్డాడు. "నీకు బుద్ధుందా నీలిమా? ఫంక్షన్ ముందర ఆపరేషనంటే జనం ఏమనుకుంటారు? పిల్లోడు కుంటోడని ఊరంతా పాకిపోద్ది. రేపు వాడికి ఎంత అవమానం?"

ఇదీ అసలు సంగతి. పాఠకులు జయకృష్ణను తిట్టుకునే ముందు తమ ఇంట్లోకి ఒకసారి తొంగి చూసుకోవాలి. పిల్లలకు పళ్ళు పుచ్చితే బజారంతా చెప్పి వైద్యం చేయిస్తాం. కాలో, చెవో, మాటో తేడాగా ఉంటే తలుపులు మూస్తాం. రోగం కన్నా రోగం పేరుకు ఎక్కువ భయపడతాం.

ఇంతలో సాయి మెల్లగా అన్నాడు. "నాన్నా, నేను ఆదివారం దాకా నొప్పనను. నిజంగా. అమ్మను తిట్టమాకు." అంటూనే వీల్‌చైర్ చేతుల మీద బలం పెట్టి లేవబోయాడు. నీలిమ ఒక్క అంగలో వెళ్ళి వాడి రెండు భుజాలూ పట్టుకుని కూర్చోబెట్టింది.

"మామయ్యా" అంది, భర్తను వదిలేసి రాఘవయ్య వైపు తిరిగి. ఆ ఇంట్లో కోడలై వచ్చినప్పటినుంచి ఆమె ఆయన ముందు గొంతు ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు, తల మాత్రం దించలేదు. "పందేనికి ముందురోజు మీ ఎద్దు కాలు ఈడిస్తే ఏం చేసేవాళ్ళు?"

ఏళ్ళ తరబడి ఎడ్లతో బతికిన మనిషి. ఆలోచించకుండానే జవాబు వచ్చేసింది. "ఏం చేస్తాం, కాడి ఇప్పి కొట్టంలో కట్టేసేవాణ్ణి. డాక్టరుకి కబురెట్టేవాణ్ణి."

"మరి పందెం?"

"పందేనికేముందమ్మాయ్, మళ్ళీ ఏటికొస్తది. ఎద్దు పోతే..."

రాఘవయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. మనవడి వైపు చూశాడు. వాడింకా చేతుల మీద బలం పెట్టే ఉన్నాడు, చెప్తే లేచి నడవడానికి సిద్ధంగా.

"ఒరేయ్ కృష్ణా, అంబులెన్సు పిలువు" అన్నాడాయన.

"నాన్నా, చుట్టాలు..."

"చుట్టాలకు నేను చెప్పుకుంటా. కుంటోడని అంటే అననీ. నిజంగా కుంటోడయ్యాక అనిపించుకోడం కన్నా మేలేగా."

శుక్రవారం గుంటూరులో ఆపరేషన్ జరిగింది. సాయిని లోపలికి తీసుకెళ్ళాక జయకృష్ణ వరండాలో ఒక్క చోట నిలబడలేకపోయాడు. నిన్నటిదాకా హారన్ కొట్టిన చెయ్యి జేబులో పెట్టుకుంటాడు, తీస్తాడు. నీలిమ దూరంగా మరో బల్ల మీద కూర్చుంది. ఆమెకు కోపం ఉంది, తన మీద కూడా ఉంది. మధ్యలో ఒక నర్సు పరుగున బయటికి వచ్చి, ఎవరినో పిలిచి, మళ్ళీ లోపలికి పోయింది. ఇద్దరూ ఆ తలుపు దగ్గరకు పరుగెత్తారు. అది వేరే రోగి కోసమని తెలిశాక జయకృష్ణ బల్ల మీద కూలబడి, "వాడు ఆగినప్పుడల్లా హారన్ కొట్టానే" అని తనలో తనే అనుకున్నాడు. నీలిమ వచ్చి పక్కన కూర్చుంది.

సర్జన్ బయటికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. స్క్రూ బాగా కూర్చుంది. తల ఇక జారదు. రక్తం ఆగిన సూచన ప్రస్తుతానికి లేదు, కొన్నాళ్ళు కనిపెట్టి చూడాలి. కొన్ని వారాలు కర్రల సాయంతో, కాలు మీద బరువు మోపకుండా ఉండాలి. రెండో తుంటికి కూడా ఈ జబ్బు రావచ్చు కాబట్టి చెప్పినప్పుడల్లా తెచ్చి చూపించాలి. థైరాయిడ్ తేడా ఉన్నా ఎముక ఇలా జారవచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించాలి.

"పాదం మళ్ళీ తిన్నగా వస్తదాండీ?" అని అడిగింది నీలిమ.

"కొంత తేడా ఉండిపోవచ్చమ్మా. మొదట్లో తెచ్చి ఉంటే ఇంత జారేది కాదు. కానీ నడుస్తాడు. నిన్న తీసుకురాకపోతే ఆ మాట కూడా చెప్పలేకపోయేవాణ్ణి."

ఆ "కొంత తేడా" వాళ్ళు పోగొట్టుకున్నది. "నడుస్తాడు" అన్నది వాళ్ళకు మిగిలింది. నీలిమ రెండు మాటలూ మనసులో పెట్టుకుని బిడ్డ మంచం దగ్గరకు వెళ్ళింది. సాయి కళ్ళు తెరిచి మొదట అడిగింది బాత్రూముకు నడవొచ్చా అని. "నడవొద్దు నాన్నా, నేనున్నాగా" అని జయకృష్ణ వంగాడు.

ఆదివారం వచ్చింది. అంత దూరం నుంచి బయల్దేరిన చుట్టాలను వెనక్కి పంపడం మర్యాద కాదని, భోజనాలు మాత్రం పెట్టాలని రాఘవయ్య నిర్ణయించాడు. డీజే వద్దన్నాడు. మక్బూల్ మాత్రం వచ్చి, ఫోన్లలో చూసేవాళ్ళ కోసం వీడియో లైవ్ పెట్టాడు. గుంటూరు ఆస్పత్రి గదిలో నీలిమ ఫోను దిండుకు ఆనించి పట్టుకుంటే, సాయి, జయకృష్ణ తలలు దగ్గర పెట్టుకుని చూశారు.

స్టేజీ మీద పూల అలంకరణ అలాగే ఉంది. కుర్చీ ఖాళీ. మేనమామ జ్ఞానేశ్వర్ తెచ్చిన పట్టు పంచె పళ్ళెంలో మడతపెట్టే ఉంది. హాలంతా గుసగుసలు. కీళ్ళరోగమని ఒకరు, ఎవరి దిష్టో తగిలిందని ఒకరు. రాఘవయ్య మైకు దగ్గరకు వచ్చాడు. ఆయన చేలో కేకేసి పిలిచే మనిషేగాని మైకులో మాట్లాడినవాడు కాదు.

"అందరూ తినే పోవాల. ముందు ఒక్క మాట ఇనండి" అన్నాడు. "మా మనవడికి దిష్టి తగల్లేదు. తుంటి ఎముక జారింది. దసరా కాడ్నించి వాడు మోకాలు నొప్పి, మోకాలు నొప్పి అంటానే ఉన్నాడు. మేం వాణ్ణి బద్ధకస్తుడన్నాం. ఒళ్ళెక్కువన్నాం. నాటకాలన్నాం. ఆ ఒళ్ళు పెంచిందీ మేమే. పొద్దున్నే లేపి నడిపించిందీ మేమే. కొండమెట్లు పరిగెత్తించిందీ మేమే. మందు అనుకుని రోగాన్ని పెంచాం. నా కోడలు గట్టిగా నిలబడబట్టి వాడికి కాలు మిగిలింది, లేకపోతే ఇయ్యాల వాణ్ణి ఈడ నిలబెట్టి, మీ అందరి ముందు చప్పట్లు కొట్టించి, కుంటోణ్ణి చేసేవాణ్ణి."

ఆస్పత్రి గదిలో జయకృష్ణ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సాయి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది చెప్పుకోడానికి నాకు చానా నామోషీగా ఉంది. అయినా చెప్తన్నా. పదేళ్ళు దాటిన పిల్లలు ఈ హాలు నిండా ఉన్నారు. మీ ఇళ్ళకాడ ఏ పిల్లోడైనా, ఏ పిల్లైనా కుంటతా ఉంటే, పాదం పక్కకేస్తా ఉంటే, తొడా మోకాలూ నొప్పంటే, ఒళ్ళు జూసి ఎగతాళి చెయ్యమాకండి. నలుగురేమనుకుంటారో అని దాయమాకండి. పిల్లోడు మోకాలు జూపిస్తే, ఎముకల డాక్టరుకి తుంటి గూడా చూపించండి. ఆ డాక్టరు సరేననే దాకా ఒక్క అడుగు గూడా వాణ్ణి నడిపించమాకండి."